ఆరోగ్య వ్యాసాలు మొదలుపెట్టిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ "మూత్రాశయ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఆడవాళ్లు ఎక్కువ కాలం బతకరు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. అక్కడే నాకు పేచీ. ఆపరేషన్‌కు డేట్ తీసుకున్న ఏ పెద్దావిడో అది చదివి, టెన్షన్ పడి మానుకుంటే?

లెక్క తప్పని అనను. ఈ జబ్బు మగవాళ్లకే మూడు నాలుగు రెట్లు ఎక్కువ వస్తుంది. అయినా వచ్చిన ఆడవాళ్ల పరిస్థితే కష్టంగా ఉంటోంది. ఎందుకో రాయాలిగా. నొప్పీ గిప్పీ లేకుండా మూత్రంలో రక్తం పడుతుంది, ఒకటి రెండు రోజుల్లో దానంతటదే ఆగుతుంది. మగవాడికైతే యూరాలజిస్ట్‌కు చీటీ రాస్తారు. ఆవిడకు చాలాసార్లు "యూరిన్ ఇన్ఫెక్షన్" అని యాంటీబయాటిక్స్ రాస్తారు, లేదా ముట్లు ఆగే వయసు మీదికి నెట్టేస్తారు. మళ్లీ రక్తం, మళ్లీ అదే కోర్సు. సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీ దాకా వచ్చేసరికి గడ్డ మూత్రాశయం గోడలోని కండరంలోకి దిగి ఉండొచ్చు. తేడా అంతా ఈ ఆలస్యానిదే అని మాత్రం రాయకు. ఒకే స్టేజీలో ఉన్నవాళ్లను పోల్చినా చాలా అధ్యయనాల్లో కొంత తేడా మిగులుతోంది.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే మూత్రనాళం క్యాన్సర్‌ను ఇందులో గంపగుత్తగా కలిపేశావు, అది తీసెయ్. దానికి కిడ్నీతో సహా తీసేస్తారు. స్టేజీ లెక్కలోకి తీసుకుంటే అక్కడ ఆడా మగా తేడా చాలామటుకు కనిపించదు. తైవాన్‌లోనైతే అది ఆడవాళ్లలోనే ఎక్కువ. అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్న మూలికా మందులు అందుకు ఒక కారణం.

ఇక వయసు. మూత్రాశయం తీసేసి, పేగు ముక్కతో కొత్త దారి చేసి, పొట్టకు సంచి తగిలించడం చిన్న ఆపరేషన్ కాదు. 80 దాటినవాళ్లకు మొదటి 90 రోజుల్లో ప్రాణాపాయం ఎక్కువే. పైగా ఆపరేషన్‌కు ముందు ఇచ్చే కీమో మందు సిస్‌ప్లాటిన్‌కు కిడ్నీలు బాగా పనిచేయాలి, ఆ వయసులో చాలామందికి అది కుదరదు. ఇంకో చిక్కు ఉంది. ఆపరేషన్ అయిన నాలుగేళ్లకు గుండెపోటుతో పోయిన తాతగారు మొత్తం మరణాల లెక్కలో ఉంటారు, క్యాన్సర్ మరణాల లెక్కలో ఉండరు. నువ్వు ఏ లెక్క ఎత్తి రాశావో వ్యాసంలో ఎక్కడా లేదు.

రక్తం సంగతి మొదటి పేరాలోకి తెచ్చి ఆదివారంలోగా పంపు. హెడ్డింగ్ అప్పుడు చూద్దాం.