చిల్లు పెట్టిన కాసు

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అంది పది రోజులైంది. రెండుసార్లు చదివాను, అందుకే జవాబు ఆలస్యమైంది. కాకతీయ రాజు గణపతిదేవుడి కొలువును ఆరు పేజీల్లో వర్ణించావు. కిరీటాలున్నాయి, వింజామరలున్నాయి, వందిమాగధులున్నారు. వాటి మధ్య నాకు మనిషి కనిపించలేదు. తొమ్మిదో పేజీలో మాత్రం, మోటుపల్లి ఒడ్డున నిలబడి, విరిగిన ఓడ చెక్క అలల మీద కొట్టుకు రావడం చూస్తున్న కుర్రవాడున్నాడే, వాడి దగ్గర ఆగిపోయాను. వాడికి నాలుగు వాక్యాలే ఇచ్చావు. ఆ కథ వాడిది.

చారిత్రక కథలకు ఇతివృత్తాలు ఎక్కడ దొరుకుతాయి, ముందుగా ఏ పుస్తకాలు చదవాలి అని అడిగావు. పుస్తకాల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఒక వస్తువును చూడు. ఒకే ఒక్కటి. ఏ రాజు కాలంది అనే ప్రశ్నతో మొదలుపెట్టకు. దాన్ని ఎవరు చేతిలోకి తీసుకున్నారు, ఏం చేసుకున్నారు, ఎక్కడ అరిగింది, ఎక్కడ విరిగింది, ఇవి చూడు.

నా సంగతే చెబుతాను. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకలు అడ్డం తగిలాయి. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక చిన్న కుండ. కుండలో రోము బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టీనా మహారాణివి, క్రీస్తు శకం రెండో శతాబ్దం నాటివి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ముప్పై పైచిలుకు మాత్రం మిగిలి నవాబు గారి ఇంటికి చేరాయి. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి, 1787లో ఒక లేఖలో ఈ సంగతంతా రాశాడు. కొన్ని నాణేలు టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్ని అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయట. చేతికో మెడకో ఆభరణంగా వేసుకుని ఉంటారని ఆయన ఊహించాడు.

ఆ చిల్లుల మాట చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. అంతవరకు రోము వ్యాపారం గురించి ఎన్నో వ్యాసాలు చదివాను. మిరియాలు, ముత్యాలు, సన్నని బట్టలు ఇక్కడి నుంచి వెళ్లాయని, బదులుగా బంగారం వచ్చిందని తెలుసు. అందులో కథ కనిపించలేదు. చిల్లు కనిపించగానే ఒక కంసాలి కనిపించాడు. కాసుకు కాస్త తక్కువ తూగే ఆ నాణేన్ని రాతి మీద పెట్టి, మేకును ఎక్కడ దించాలా అని ఆలోచిస్తున్నాడు. చక్రవర్తి తలపైన చిల్లు పెడితే ముఖం నిటారుగా వేలాడుతుంది. కానీ ఆ ముఖం ఎవరిదో కంసాలికేం తెలుసు? ఫౌస్టీనా జుట్టును పొందికగా చుట్టి ముడి వేసుకుంది. ఆ ముడి చూసి నెల్లూరు ఇల్లాలు ఏమనుకుంది? ఎవరో దూరదేశపు అమ్మవారు అనుకుందా? కంసాలీ, ఇల్లాలూ నా కల్పన. చిల్లు కల్పన కాదు. మనవాళ్లు ఇప్పటికీ మెడలో కాసుల పేరు వేసుకుంటారు కదా, నాణెం సొమ్ముగా మారడం నీకూ నాకూ పరాయి సంగతి కాదు. అక్కడ పట్టు దొరికితే పద్దెనిమిది వందల ఏళ్ల దూరం తగ్గిపోతుంది.

ఇంకో ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ కుండను గుడి కింద పెట్టిన మనిషి తిరిగి ఎందుకు రాలేదు?

ఇప్పుడు నీ మోటుపల్లికి వస్తాను. వీరభద్రస్వామి గుడి మండపంలో స్తంభం మీద గణపతిదేవుడి అభయశాసనం ఉంది. కాలం 1244-45. సంస్కృతమూ ఉంది, తెలుగూ ఉంది. నువ్వు దాన్ని అచ్చులో చదివావని నీ కథే చెబుతోంది. వెళ్లి చూసిన మనిషి రాసే తీరు వేరు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు శాసనాలు చదవడం కష్టం. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెలుగు ఏటవాలుగా పడినప్పుడు అక్షరం గుంటలో నీడ నిలుస్తుంది, రాయి మాట్లాడడం మొదలుపెడుతుంది. గుడి లోపలికి ఎండ రాకపోతే టార్చిలైటు పక్కనుంచి పట్టుకో. అక్షరాల్లో సున్నం గానీ నూనె గానీ పొరపాటున కూడా పూయకు. మన ఊళ్లలో గుడికి సున్నం వేసినప్పుడల్లా ఎన్ని శాసనాలు పూడిపోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఆ శాసనంలో రాజు ఏమంటున్నాడు? గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నింటినీ మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాము అంటున్నాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. కింద సరుకుల జాబితా: గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు. ఆ జాబితాను పైకి చదువు, రేవు వాసన నీకే తెలుస్తుంది. నువ్వు ఆరు పేజీల్లో చెప్పిన వైభవం అందులో రెండు మూడు పంక్తుల్లో ఉంది.

నువ్వు రాజు దయ దగ్గరే ఆగావు. నీ కుర్రవాడిని అడగవలసింది అడగలేదు. పగిలిన ఓడ నుంచి కొట్టుకొచ్చిన సరుకులో, రాజభటులు రాకముందే వాడి ఇంటికి ఒక గుప్పెడు మిరియాలు చేరాయా? అభయశాసనం చెక్కిన రోజున ఓడల వర్తకులు సంతోషించారు సరే, వాడి తండ్రి ఏమన్నాడు? శాసనం దీనికి అవుననీ అనదు, కాదనీ అనదు. అది మౌనంగా ఉన్నచోట నీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. అది నోరు విప్పిన చోట మాత్రం నువ్వు ఎదురు చెప్పకూడదు.

ఆ మాట మీదే ఒక తప్పు చూపిస్తాను. ఆ కుర్రవాడి తల్లి చేపల పులుసులో ఎండుమిరపకాయలు వేసింది. మిరప మన దేశానికి పోర్చుగీసువారితో వచ్చింది. వాస్కోడగామా కాలికట్ చేరిందే 1498లో. ఆమె మిరియాలు దంచాలి. ఇదే తప్పు నేనూ చేశాను. నా తొలి కథలో తొమ్మిదో శతాబ్దపు సేనాని పాండురంగడి సైనికులు మిరపకాయ నంజుకుని అన్నం తిన్నారు. ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశారు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. రాసేటప్పుడు తరచూ తీసి చూసుకుంటాను.

పాండురంగడంటే గుర్తొచ్చింది, నీది కందుకూరు కదా. 848 నాటి అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పాండురంగడు బోయ కొట్టాలు, అంటే బోయల స్థావరాలు, పన్నెండు గెలిచి, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేసి, ‘కందుకూర్బెజవాడ గావించె మెచ్చి’ అని. మీ ఊరిని బెజవాడంత చేశాడట! బడిలో ఈ పద్యం చదివి గర్వపడ్డాను. నలభై ఏళ్లు దాటాక గానీ ఆ పన్నెండు కొట్టాల వైపు నుంచి చూడాలని తోచలేదు. రాయి గెలిచినవాడిది. ఓడిన బోయలు ఎక్కడికి వెళ్లారో చెప్పే రాయి లేదు. నీ వయసులోనే నువ్వు అటు చూడగలిగితే నాకంటే ముందుంటావు.

ఇక పుస్తకాలు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా వేశారు. కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. అందులో దానశాసనాలను తొందరగా తిప్పేయకు. గుడి దీపానికి నెయ్యి కోసం గొర్రెలను దానం చేయడం, ఆ గొర్రెలను కాచి నెయ్యి పోయవలసిన మనిషి పేరును కూడా రాయి మీదికి ఎక్కించడం ఆంధ్రదేశంలో పలుచోట్ల కనిపిస్తుంది. ఆ కాపరికి చదువు వచ్చో రాదో, తన పేరు రాయి మీద ఎక్కిన రోజున వాడు దాన్ని వేలితో తడిమి చూసుకుని ఉండడా?

ఒక విషయం గట్టిగా చెప్పాలి. పొలంలో, చెరువు కట్ట మీద పెంకో, నాణెమో, శిల్పం ముక్కో కనిపిస్తే ఇంటికి తెచ్చుకోకు. ఫొటో తీసి, ఉన్న చోటు రాసుకుని, పురావస్తు శాఖకు తెలియజేయి. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధస్తూపం నుంచి శిల్పఫలకాలు దొంగతనానికి గురయ్యాయి. బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తుల ఫలకం ఒకటి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల దాకా వెళ్లి, 2016లో భారతదేశానికి తిరిగి వచ్చింది. ఫలకం వచ్చింది గానీ, దాని పక్కన ఏముండేది, మట్టిలో ఏ పొర మీద ఉండేది అనే సంగతి ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. గుప్తనిధుల ఆశతో గుళ్ల కింద తవ్వేవాళ్లు బంగారం కన్నా విలువైనదాన్ని పాడుచేస్తున్నారు. నెల్లూరు రైతు మీద నాకు కోపం లేదు, ఆ కాలంలో అతనికి చెప్పేవారు లేరు. ఇప్పుడు తవ్వేవాళ్ల మీద మాత్రం ఉంది.

సింగరాయకొండలో పాసింజరు ఎక్కితే చినగంజాంలో దిగవచ్చు. అక్కడి నుంచి మోటుపల్లికి ఆటో దొరుకుతుంది. సాయంత్రం నాలుగింటికల్లా గుడిలో ఉండేట్టు చూసుకో. స్తంభం ముందు గంటసేపు కూర్చున్నాక సముద్రం ఒడ్డుకు నడువు. ఆ కుర్రవాడు ఎక్కడ నిలబడి ఉంటాడో చోటు చూసుకో. కొలువు పేజీలు ఆరూ పక్కన పెట్టి, వాడి నాలుగు వాక్యాల నుంచి మళ్లీ మొదలుపెట్టి నాకు పంపు. ఈసారి వాడి పేరేమిటో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు