నా ల్యాప్‌టాప్‌లో నడిచింది, కొట్టులో నడవడం లేదు!

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్నగారికి అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్టు ఉంది. ఒక ఓపెన్ సోర్స్ లెక్కల సాఫ్ట్‌వేర్‌కు దింపు కూలి, కాయల లెక్క గడులు కలిపి క్యూటీ 6 (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ), విజువల్ స్టూడియో (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ సాధనం)లతో కంపైల్ చేశాను. నా ల్యాప్‌టాప్‌లో బాగా నడుస్తోంది. ఈఎక్స్‌ఈ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి కొట్టులోని విండోస్ 10 కంప్యూటర్లో తెరిస్తే ‘వీసీరన్‌టైమ్140డి.డీఎల్ఎల్’ లేదంటోంది. నెట్‌లో వెతికి ఆ ఫైల్ తెచ్చి పక్కన పెడితే ఇంకోటి అడుగుతోంది. ఏం చేయాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కోనసీమ

జవాబు: ముందు నెట్ నుంచి తెచ్చిన ఆ డీఎల్ఎల్‌లను (ప్రోగ్రాం నడవడానికి కావలసిన సహాయక కోడ్ ఫైళ్లను) తీసేసి, కొట్టు కంప్యూటర్‌ను యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. ఎవరు పెట్టారో తెలియని డీఎల్ఎల్ మీ ప్రోగ్రాం లోపలే, దానికున్న అనుమతులన్నిటితో నడుస్తుంది. వ్యాపారం లెక్కలున్న చోట అది చాలా ప్రమాదం.

ఇక ఆ మెసేజ్ మళ్లీ చదవండి. 140 తర్వాత ‘డి’ ఉంది చూశారా? డి అంటే డీబగ్. మీరు చేసింది డీబగ్ బిల్డ్, అంటే తప్పులు వెతుక్కోవడానికి ప్రోగ్రామర్ వాడుకునే రూపం. దానికి కావలసిన డీఎల్ఎల్‌లు విజువల్ స్టూడియో ఉన్న కంప్యూటర్లోనే ఉంటాయి. వాటిని ఇంకొకరికి పంచడానికి మైక్రోసాఫ్ట్ లైసెన్స్ కూడా ఒప్పుకోదు. సీమేక్ (కోడ్‌ను బిల్డ్ చేయించే సాధనం) వాడుతుంటే బిల్డ్ కమాండ్ చివర ‘--కాన్ఫిగ్ రిలీజ్’ (--config Release) చేర్చండి. రిలీజ్ అంటే ఇతరులకు ఇచ్చే రూపం. చేర్చకపోతే విజువల్ స్టూడియో మామూలుగా డీబగ్‌నే తయారుచేస్తుంది.

రిలీజ్ ఈఎక్స్‌ఈ వచ్చాక దాన్ని ఖాళీ ఫోల్డర్‌లో పెట్టి, క్యూటీతో పాటు వచ్చే ‘విన్‌డిప్లాయ్‌క్యూటీ’ని దాని మీద నడపండి. కావలసిన క్యూటీ డీఎల్ఎల్‌లన్నీ పక్కకు వచ్చి చేరతాయి. ‘ప్లాట్‌ఫామ్స్’ అనే ఫోల్డర్, అందులో ‘క్యూవిండోస్.డీఎల్ఎల్’ ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి. అది లేకపోతే విండో తెరుచుకోనే తెరుచుకోదు. కొట్టు కంప్యూటర్లో విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్‌ను (విజువల్ స్టూడియోతో చేసిన రిలీజ్ ప్రోగ్రాములకు కావలసిన డీఎల్ఎల్‌ల ప్యాకేజీని) మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించి వేయండి.

సెటప్ ఫైల్ చేయడానికి ఇన్నో సెటప్ చాలు, ఉచితం. ఫోల్డర్ కలిపేటప్పుడు సబ్‌ఫోల్డర్లు కూడా కావాలా అని అడిగితే అవునని చెప్పండి. లేదంటే ప్లాట్‌ఫామ్స్ ఇక్కడే జారిపోతుంది. తయారైన సెటప్‌ను మీ ల్యాప్‌టాప్‌లో పరీక్షించి లాభం లేదు, అందులో అన్నీ ముందే ఉన్నాయి. విండోస్ ప్రో ఉంటే శాండ్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే తాత్కాలికంగా తెరుచుకునే ఖాళీ విండోస్‌లో) వేసి చూడండి. డిజిటల్ సంతకం లేని సెటప్ కాబట్టి విండోస్ రక్షణ ఫీచర్ స్మార్ట్‌స్క్రీన్ నుంచి నీలం హెచ్చరిక రావచ్చు. మీరు చేసిందే కాబట్టి ‘మోర్ ఇన్ఫో’ నొక్కి ముందుకెళ్లండి, టెన్షన్ వద్దు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. లెక్కల ఫైల్ ఎక్కడ సేవ్ అవుతోందో కోడ్‌లో చూడండి. ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు యూజర్‌కు రాసే అనుమతి ఉండదు, యాప్‌డేటాలో (ప్రతి యూజర్‌కూ విండోస్ ఇచ్చే సొంత డేటా ఫోల్డర్‌లో) పెట్టించండి. పోనీ వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి ఈఎక్స్‌ఈ పక్కనే ఉంచుదామనుకుంటే, మీరు ట్రయల్‌గా రాసుకున్న ఫైల్ కూడా సెటప్‌లో కలిసిపోవచ్చు. అలా కలిస్తే, కొత్త వెర్షన్ వేసిన రోజున అది నాన్నగారి అసలు లెక్కలను చెరిపేసి వాటి చోట కూర్చుంటుంది.