‘బ్లాక్ స్వాన్’లో రంగులు నీనా మనసు గురించి ఏం చెబుతాయి? అందులో చూపించిన మానసిక జబ్బు నిజంగా అలాగే ఉంటుందా?

2010లో వచ్చిన ఈ సినిమాలో నీనా ఒక బ్యాలే నర్తకి, మెల్లగా ఆమె మనసు అదుపు తప్పుతుంది. మొదట ఆమె బట్టలు చూడండి: లేత గులాబీ కోటు, తెల్లటి ప్రాక్టీసు దుస్తులు. పడకగది కూడా గులాబీయే, నిండా బొమ్మలు. పెద్దదైనా తల్లి ఆమెను చిన్నపిల్లగానే ఉంచిందని ఒక్క మాటా లేకుండా తెలిసిపోతుంది. తర్వాత బూడిద రంగు చేరుతుంది. క్లబ్బుకి వెళ్లిన రాత్రి తోటి నర్తకి లిలీ ఇచ్చిన నల్ల టాప్ వేసుకుంటుంది. ఆ తర్వాతే బొమ్మలన్నీ చెత్తలో పడేస్తుంది. చివర్లో తెల్లటి దుస్తుల మీద పొట్ట దగ్గర ఎర్రటి మరక.

కళగా ఇది అద్భుతం. కానీ తెలుపు అంటే ఆరోగ్యం, నలుపు అంటే పిచ్చి అనుకుంటే పొరపాటే. తెల్ల బట్టల్లో ఉన్నప్పుడే ఆమె వీపు గోక్కుంటోంది, తిన్నది కక్కేస్తోంది.

ఇంకొకటి. సినిమాల్లో భ్రాంతులు ఎక్కువగా కంటికి కనిపిస్తాయి. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో మాత్రం లేని గొంతులు వినిపించడమే ఎక్కువ. గొంతుకి రంగు పూయలేరు కదా, అందుకే దర్శకులు అద్దాల్ని, నీడల్ని ఆశ్రయిస్తారు.