మీ కారు, మీ ప్రశ్న: ఫాగ్ లైట్లు విడిగా వెలగాలంటే

ప్రశ్న: మాది పాత హ్యాచ్‌బ్యాక్. హెడ్‌లైట్ వేస్తేనే ఫాగ్ లైట్లు వెలుగుతాయి. చలికాలం తెల్లవారుజామున లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే హెడ్‌లైట్ వెలుగంతా మంచు మీద పడి కళ్లలోకే తిరిగొస్తోంది. ఫాగ్ లైట్లు మాత్రమే వేసుకునే వీలుందా? బ్యాటరీ నుంచి నేరుగా స్విచ్‌కి వైరు లాగేస్తే చాలంటున్నాడు ఎలక్ట్రీషియన్.
– పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: వీలుంది. నేరుగా లాగడం మాత్రం వద్దు. ముందు లైట్ల స్విచ్‌ను మొదటి మెట్టు, అంటే పార్కింగ్ లైట్ల దగ్గరే ఆపి ఫాగ్ స్విచ్ వేసి చూడండి. చాలా కార్లలో అక్కడే వెలుగుతాయి. వెలిగితే వైరింగ్ జోలికే పోనక్కర్లేదు.

వెలగకపోతే కొత్త లైను వేసుకోవాలి. దాన్ని ఆన్ చేసే సిగ్నల్ మాత్రం పార్కింగ్ లైట్ల నుంచే రావాలి. పార్కింగ్ లైట్లు వేస్తేనే వెనక టెయిల్ లైట్లూ వెలుగుతాయి. బ్యాటరీ నుంచే ఇచ్చేస్తే ముందు వెలుగు, వెనక చీకటి. మంచులో మీ వెనకొచ్చే లారీకి కనబడేది టెయిల్ లైటే కదా! పైగా ఆపడం మరిచి బండి దిగితే రెండు మూడు గంటల్లో చిన్న కారు బ్యాటరీ చతికిలబడుతుంది.

కావలసినవి: 12 వోల్టుల 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటు సిగ్నల్‌తో పెద్ద కరెంటును కలిపే స్విచ్), హోల్డర్‌తో 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 5 మీటర్లు, సిగ్నల్‌కి 0.75 వైరు, వేస్తే తానూ వెలిగే స్విచ్. 55 వాట్ల బల్బులు రెండు కలిసి సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. అంత కరెంటు డ్యాష్‌బోర్డు స్విచ్‌లోంచి పోతే కాంటాక్టులు కాలి ప్లాస్టిక్ కరుగుతుంది. సన్న వైరు కూడా పనికిరాదు: 3 మీటర్ల 0.75 వైరులోనే 0.6 వోల్టు పైగా పోతుంది, ఆ మేరకు వెలుగు మసకబారుతుంది.

బ్యాటరీ మైనస్ విప్పి మొదలుపెట్టండి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా రిలే 30వ పిన్నుకి. 87 నుంచి రెండు లైట్లకి. 85 బాడీ ఎర్త్‌కి. పార్కింగ్ లైటు ప్లస్ వైరు స్విచ్ మీదుగా 86కి. లైట్ల దగ్గరి పాత కనెక్టర్లు ఊడదీసి టేపు చుట్టి వదిలేయండి. పాత, కొత్త లైన్లు కలపొద్దు. ఇక డ్యాష్‌బోర్డులో ఫాగ్ గుర్తు వెలగదు, అందుకే వెలిగే స్విచ్ అన్నది.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. దానికి ముందున్న వైరు బాడీకి ఒరుసుకుంటే ఆపే దిక్కుండదు. ఎర్త్ స్క్రూ కింద పెయింటు గీకకపోతే లైటు మినుకుమినుకుమంటుంది. షాపువాడు అయిదు పిన్నుల రిలే అంటగడితే నడిమి పిన్ను, 87ఎ, వదిలేయండి. అక్కడ కలిపితే స్విచ్ తీస్తే వెలుగుతాయి, వేస్తే ఆరిపోతాయి!

ప్రశ్న: కొత్త మోడల్ కారుకి పార్కింగ్ లైట్ నుంచే సిగ్నల్ తీయించాను. రిలే జుయ్యిమని మోగుతోంది, ఫాగ్ లైట్లు వణుకుతున్నాయి.
– పాఠకుడు, అనకాపల్లి

జవాబు: తప్పు రిలేది కాదు. మీ కారులో పార్కింగ్ లైట్లకు కరెంటు బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లలాంటివి నడిపే చిన్న కంప్యూటర్) నుంచి తెగుతూ తెగుతూ వస్తోంది. బల్బుకి ఆ తేడా తెలియదు గానీ రిలే కాయిల్ ప్రతి తెంపుకీ వదిలి పట్టుకుంటుంది. ఆ కనెక్షన్ విప్పించేయండి. ఇగ్నిషన్ ఆన్‌లోనే కరెంటుండే ఫ్యూజు చోట ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు చోటు నుంచి అదనపు లైను తీసుకునే కనెక్టర్) గుచ్చి, అక్కడి నుంచి స్విచ్ మీదుగా రిలే 86వ పిన్నుకి ఇవ్వండి. అప్పుడు పార్కింగ్ లైట్లు వేసే బాధ్యత మీదే. వారంటీలో ఉన్న కారైతే వైర్లు కోయించకండి.

ప్రశ్న: ఫాగ్ లైట్లు వేస్తే ఎదుటివాళ్లు డిప్పర్ కొడుతున్నారు.
– పాఠకురాలు, పాడేరు

జవాబు: లైట్లు పైకి చూస్తున్నట్టున్నాయి. చదునైన చోట గోడకి 25 అడుగుల దూరంలో కారు ఆపండి. వెలుగు పై అంచు, లైటు మధ్య ఎత్తుకంటే 4 అంగుళాలు కింద పడాలి. బంపర్‌లో లైటు పక్కనుండే స్క్రూ తిప్పి దించండి. మంచు లేనప్పుడు ఆపేయండి.