మూడు రూపాయల వడ్డీ, మూడు ఖాళీ చెక్కులు

ప్రశ్న: నా వయసు 31. గుంటూరు బ్రాడీపేటలో అమ్మానాన్నలతో ఉంటాను. నాకు ఆటిజం ఉందని 24వ ఏట తెలిసింది. ఏడేళ్లుగా విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్‌టీ రిటర్నులు చేస్తున్నాను. రోజూ రైల్లో వెళ్లి వస్తాను. జీతం 28,000. ఇంట్లో ఇచ్చేదానితో కలిపి నెల ఖర్చు 17,000. తొమ్మిదేళ్లుగా ప్రతి ఖర్చూ పుస్తకంలో రాస్తున్నాను. సేవింగ్స్‌లో 41,000, ఆర్‌డీలో 1,20,000 ఉన్నాయి. నాన్నగారు వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. ‘ఎన్నాళ్లు ఒకరి కింద చేస్తావు’ అని మా బాబాయి అరండల్‌పేటలో ఒక గది చూశారు. జిరాక్స్, ఆన్‌లైన్ సర్వీసులు, రిటర్నులు చేసే షాపు పెట్టమంటున్నారు. ఆరు లక్షలు కావాలి. రెండు లక్షలు అమ్మ బంగారం మీద, నాలుగు లక్షలు తెలిసిన ఫైనాన్షియర్ దగ్గర నా పేరు మీద, మూడు రూపాయల వడ్డీకి. ప్రోనోటుతో పాటు మూడు ఖాళీ చెక్కులు ఇవ్వాలట. అంకె వేయకుండా చెక్కు ఎందుకు అని అడిగితే అందరూ నవ్వారు. ఈ అప్పు తీసుకోవచ్చా? ఇంకో ప్రశ్న. నా హెడ్‌ఫోన్స్ పాడైతే అది ఎమర్జెన్సీ కిందికి వస్తుందా? (బాబాయికి ఎదురు చెప్పాలంటే నాకు మాట రాదు.)

జవాబు: ముందు చెక్కుల సంగతి. అక్కడ కూర్చున్న వాళ్లందరిలో సరైన ప్రశ్న అడిగింది మీరొక్కరే. మిగతావాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. అంకె వేసేది ఆ ఫైనాన్షియర్, తేదీ వేసేది ఆయన, బ్యాంకులో డబ్బు లేక ఆ చెక్కు తిరిగొస్తే కోర్టు మెట్లెక్కేది మీరు. చెక్కు బౌన్సు కేసులకు వాడే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా ఉన్నాయి. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ బాగోతం బయటపడ్డప్పుడు వడ్డీ వ్యాపారుల దగ్గర దొరికినవి ఇవే, ఖాళీ చెక్కులు, సంతకాలు పెట్టిన ప్రోనోట్లు. మీరు ఆ ఊరికే రోజూ వెళ్తున్నారు, మళ్లీ చెప్పాలా? తెలిసిన ఫైనాన్షియర్ అంటున్నారు. అంత తెలిసినవాడైతే ఖాళీ చెక్కు ఎందుకు అడుగుతున్నాడు? అసలు అప్పు మీ పేరు మీదే ఎందుకు? ఇంట్లో ఎవరి రికార్డు శుభ్రంగా ఉంటే వాళ్ల చేత సంతకం పెట్టించడం నేను చాలా ఇళ్లలో చూశాను. మీ ప్రశ్నను పేపర్లో వేయడానికి సగం కారణం ఇదే.

ఇక వడ్డీ. మూడు రూపాయలంటే చెవికి చిన్నగానే వినబడుతుంది. ఏడాదికి 36 శాతం అది. నాలుగు లక్షలకు నెలకు 12,000, అసలు ఒక్క రూపాయి తీరకుండా. షాపు షట్టర్ ఎత్తకముందే నెలకు వచ్చే 28,000 ఆగిపోయి, 12,000 కట్టాల్సి వస్తుంది. అంటే మొదటి నెలే 40,000 తేడా. గది అద్దె, కరెంటు, బంగారం మీద వడ్డీ ఇంకా కలపలేదు. పేజీకి రెండు రూపాయల చొప్పున జిరాక్స్ తీస్తే ఒక్క ఆ వడ్డీకే ఆరు వేల పేజీలు తీయాలి. కాగితం, టోనర్ ఖర్చు తీస్తే అదీ చాలదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘నాకు షాపు పెట్టాలని ఉంది’ అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని వెతికాను, కనబడలేదు. ఆటిజం ఉన్నవాళ్లు వ్యాపారం చేయలేరని నేననను. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు చూసుకునే ఒకాయన నాకు తెలుసు, బోల్టు చేతిలో పెడితే ఏ లారీదో చెప్పేస్తాడు. గిరాకీతో బేరమాడే పని మాత్రం అన్నగారిది. పటమటలో ఇంట్లోనే లెక్కల ట్యూషన్లు చెప్పే ఒకావిడ ఉన్నారు, తనది ఆటిజమని పెళ్లయి పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు. మాటలు పెద్దగా రాని ఒక కుర్రాడు కాగితం కవర్లు చేస్తాడు. నెల నెలా వచ్చే 6,000 దివ్యాంగుల పింఛను, ఆ కవర్ల డబ్బు వాళ్లమ్మ విడిగా దాస్తారు. ఆ ఇంట్లో అతను సొంతంగా బస్సెక్కి బీసెంట్ రోడ్డుకు వెళ్లి వచ్చిన రోజు పండగ చేసుకున్నారు. ఈ ముగ్గురిలో ఎవరు పైకొచ్చినట్టు అని మీ బాబాయి గారిని అడిగితే బహుశా మొదటాయన పేరే చెబుతారు. (ఆటిజం అనగానే లెక్కల మేధావి అనుకునేవాళ్లు ఒక రకం, సొంత కొట్టు ఉంటేనే సెటిలైనట్టు అనుకునేవాళ్లు ఇంకో రకం. రెండో రకం ఆటిజం లేనివాళ్లనూ వదలరు.)

మీరు ఇప్పుడున్న చోటు ఎలాంటిదో చూడండి. ప్రతి నెలా 11వ తేదీ జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20వ తేదీ 3బీ (పన్ను కట్టే రిటర్ను). తేదీలు మారవు, సీటు మారదు. జిరాక్స్ షాపులో అలా కుదరదు. మెషీన్ మోత మధ్య నలుగురు ఒకేసారి ‘అన్నా, ఆధార్ రెండు వైపులా ఒకే పేజీలో’ అంటారు, ఐదో ఆయన ఫోన్లో ఓటీపీ చెబుతుంటాడు. రోజంతా ఇదే. హెడ్‌ఫోన్స్ గురించి ప్రత్యేకంగా అడిగిన మనిషికి ఇది సరిపోతుందో లేదో మీరే చెప్పాలి, మీ బాబాయి కాదు.

ఇప్పుడు నా పాత పాట. ఎమర్జెన్సీ ఫండ్, అంటే జీతం ఆగినా రోజులు గడవడానికి పక్కన పెట్టుకునే డబ్బు. మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు మాత్రం పన్నెండు నెలలు. మీకు పని చేతకాక కాదు, పని దొరికే దారి మీలాంటి వాళ్లకు ఇరుకు కాబట్టి. ఇంటర్వ్యూలో కళ్లలోకి చూసి మాట్లాడలేదని పక్కన పెట్టేసే ఆఫీసులు ఇంకా చాలానే ఉన్నాయి. రేపు ఆడిటర్ గారు ప్రాక్టీసు మానేసినా, ఆఫీసు ఇంకో వీధికి మారినా, కొత్త చోట కుదురుకోవడానికి మీకు టైం పడుతుంది. ఒక్కోసారి ఉద్యోగం ఉన్నా, ఒళ్లూ మనసూ అలిసిపోయి రెండు నెలలు ఇంట్లో ఉండాల్సి రావచ్చు. అలాంటప్పుడు చేతిలో డబ్బు లేకపోతే మళ్లీ ఆ మూడు రూపాయల ఫైనాన్షియరే గతి.

17,000 చొప్పున పన్నెండు నెలలకు 2,04,000. మీ దగ్గర రెండు ఖాతాల్లో కలిపి 1,61,000 ఉంది. తక్కువైంది 43,000. నెలకు 11,000 మిగులుతోంది కాబట్టి నాలుగు నెలల్లో నిండుతుంది. ఆరు లక్షల అప్పు గురించి అడిగిన మనిషికి నిజానికి కావలసింది ఈ 43,000. నిండాక ఆ 2,04,000లో 50,000 సేవింగ్స్‌లో ఉంచి మిగతాది ఎఫ్‌డీలో వేయండి. షేర్లూ చీటీలూ దీనికి పనికిరావు. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు ఇందులో కలపకండి, అది ఆయన, అమ్మగారి మందుల డబ్బు. రిటైరయ్యాక ఇంట్లో మీరిచ్చేది పెరగొచ్చు, అప్పుడు 17,000 బదులు కొత్త అంకెతో లెక్క మళ్లీ వేసుకోండి.

హెడ్‌ఫోన్స్ సంగతి. అవును, అది ఎమర్జెన్సీయే. సెల్‌ఫోన్ గీత పడితే కాదు, పెళ్లికి బట్టలు కొనాలంటే కాదు. అవి లేకుండా మీరు రైల్లో, ఆఫీసులో కూర్చోలేరంటే అవి మీ పనిముట్లు. టైలర్‌కు కుట్టు మెషీన్ చెడిపోయినట్టే. కొనండి, వాడినంత మళ్లీ నింపండి.

మిగతావి చకచకా. దివ్యాంగుల సర్టిఫికెట్ మీద నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా తీసుకోండి, లక్ష రూపాయల దాకా కవర్ ఉంటుంది, థెరపీలు కూడా వస్తాయి, ఫీజు మీ ఒక రోజు జీతం కంటే తక్కువ. దివ్యాంగులకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే 80యు సెక్షన్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, పైగా ఈ జీతానికి పన్నే పడదు. నాన్నగారిని వీలునామా రాయమనండి, నామినీ పేరు ఒక్కటే సరిపోదు. ఎప్పుడైనా సొంతంగా చేయాలనిపిస్తే, ఫండ్ నిండాక, ఇద్దరు ముగ్గురు చిన్న వ్యాపారుల రిటర్నులు ఇంటి దగ్గరే చేయండి, ముందు ఆడిటర్ గారికి చెప్పి. అప్పటికీ షాపే కావాలంటే దివ్యాంగులకు తక్కువ వడ్డీకి ఇచ్చే ప్రభుత్వ రుణాలున్నాయి, ఖాళీ చెక్కు అడగరు.

బాబాయికి ఎదురు చెప్పాలంటే మాట రాదని ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో రాశారు. మాట్లాడక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద ఒక పక్క 28,000, ఇంకో పక్క 12,000 రాసి, కింద ‘షాపు నడవకపోతే ఇది ఎవరు కడతారు?’ అని ఒక్క లైను రాయండి. ఆదివారం భోజనాలయ్యాక ఆయన చేతికివ్వండి. కాలిక్యులేటర్ అడిగితే మీది ఇవ్వండి, చెక్కుబుక్కు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి.