చీకటి కథలో జాలిగుండె నాయకుడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చీకటి నిండిన మాంగా కథల్లో, అంటే జపాన్ బొమ్మల కథల్లో, మంచి మనసున్న నాయకుణ్ణి ఎలా తీర్చిదిద్దుతారు, అతనికి గొంతు ఎలా ఇస్తారు అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలలో అయిదింటిని ఈసారి ఎంచుకున్నాం. జవాబుల్లో కథాంశాలు బయటపడతాయి కనుక, ఇంకా చదవనివారూ చూడనివారూ గమనించగలరు.

ప్రశ్న: నేను మాంగా పద్ధతిలో ఒక బొమ్మల కథ రాస్తున్నాను. ఆ లోకమంతా హత్యలు, శాపాలు, ద్రోహాలు. నాయకుడు మాత్రం ఎవరినీ ద్వేషించలేని మనిషి. చదివిన మిత్రులు ఇద్దరూ అతను మెతకగా ఉన్నాడనీ, పగబట్టి తిరిగే పక్కపాత్రే బాగుందనీ అన్నారు. నాయకుణ్ణి మార్చేయమంటారా?

జవాబు: మార్చవద్దు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, మెతక నాయకుడి మీద పాఠకుడు త్వరగానే విసుక్కుంటాడన్నది నిజమే. అయితే మీ మిత్రుల విసుగుకు కారణం అతని దయ అయి ఉండదని నా అనుమానం. ఒక చిన్న పరీక్ష చేయండి. మీ రాతప్రతిలో నాయకుడి దయ కనిపించే ప్రతి చోటా దాన్ని కొట్టేసి, కథ అలాగే నడుస్తుందేమో చూడండి. నడిచిందంటే, ఆ దయ మీరు అతనికి తొడిగిన చొక్కా మాత్రమే. కథకు దానితో పనిలేదు.

దయకు కథలో పని ఎలా కల్పిస్తారో చూడాలంటే, ‘డీమన్ స్లేయర్’ పేరుతో మనవాళ్లకు బాగా తెలిసిన ‘కిమెత్సు నో యాయిబా’ మంచి ఉదాహరణ. 2016 ఫిబ్రవరి నుంచి 2020 మే వరకు జపాన్‌లోని ‘షోనెన్ జంప్’ వారపత్రికలో 205 అధ్యాయాలుగా వచ్చి, 23 సంపుటాలైన మాంగా ఇది. రచయిత గోతోగే కొయోహారు ఇదే లోకాన్ని అంతకుముందు వేరే నాయకుడితో ఊహించారు. ఆ నాయకుడికి చూపు లేదు, ఒక చెయ్యి లేదు, కాళ్లు కృత్రిమమైనవి, మాటలు కూడా తక్కువ. ఆ ముసాయిదా, జపాన్ మాంగాకారుల మాటలో చెప్పాలంటే ఆ ‘నేమ్’, సీరియల్‌గా ఎంపిక కాలేదు. ఇదే లోకంలో ఇంతకన్నా మామూలు మనిషి ఎవరైనా ఉన్నారా అని తొలి ఎడిటర్ అడిగితే, బొగ్గులమ్ముకునే ఒక కుర్రాడున్నాడనీ, రాక్షసులు అతని కుటుంబాన్ని చంపేశారనీ, చెల్లెలు రాక్షసిగా మారిందనీ గోతోగే చెప్పారట. పక్కన నిలబడి ఉన్న ఆ కుర్రాడే కమాడో తంజిరోగా ముందుకు వచ్చాడు. మీ మిత్రులు పక్కపాత్రను ముందుకు తెమ్మంటున్నారు. ఇక్కడా అదే జరిగింది కానీ, వచ్చినవాడు పగబట్టినవాడు కాదు, చీకటికి ఇంకా కళ్లు అలవాటుపడనివాడు.

మొదటి అధ్యాయంలోనే ఆ కుర్రాణ్ణి రచయిత ఎంత నిర్దయగా పరీక్షిస్తారో చూడండి. చెల్లెలు నెజుకోను చంపవద్దని తంజిరో మంచులో మోకరిల్లి, తల నేలకానించి వేడుకుంటాడు. ఎదురుగా ఉన్న, రాక్షసులను వేటాడే ఖడ్గధారి తొమియోకా గియూ కరగకపోగా, నీ వాళ్ల ప్రాణం ఎదుటివాడి చేతిలో పెడతావా అన్నట్టు గద్దిస్తాడు. అప్పుడు తంజిరో రాళ్లు విసురుతూ పరుగెత్తుకొస్తాడు. గియూ అతన్ని ఒక్క దెబ్బతో పడగొట్టాక గానీ ఆ చేతుల్లో గొడ్డలి లేదన్న సంగతి గమనించడు. పరుగెత్తుతూనే పైకి విసిరిన ఆ గొడ్డలి గిరగిరా తిరుగుతూ వచ్చి, గియూ తలకు వెంట్రుకవాసి పక్కన చెట్టులో దిగబడుతుంది. తాను ఓడిపోతానని తెలిసే, తాను పడిపోయాక పనిచేసే దెబ్బను ముందే వేసి ఉంచాడన్నమాట. వేడుకున్నవాడూ వాడే, గొడ్డలి విసిరినవాడూ వాడే. ఈ రెండు పనులూ కొద్ది పుటల వ్యవధిలో పక్కపక్కన ఉండటం వల్లనే, ఆ తరువాత అతను ఎంత జాలిపడినా పాఠకుడు మెతకవాడు అనుకోడు.

ఇంకొక చోటు ఉంది. డప్పు కొట్టినప్పుడల్లా గదులు తిరగబడే ఒక ఇంట్లో, క్యోగై అనే రాక్షసుడితో పోరాటం. అప్పటికే తంజిరోకు ఎముకలు విరిగి ఉన్నాయి. తిరుగుతున్న గదిలో చేతిరాత కాగితాలు చెల్లాచెదురుగా వచ్చి పడతాయి. అతను వాటి మీద కాలు పడకుండా ఒళ్లు మెలితిప్పుకుని అడుగు వేస్తాడు. మనిషిగా ఉన్నప్పుడు క్యోగై రచయిత కావాలనుకున్నవాడు, తన రాతలను ఒకడు హేళన చేసి కాళ్లతో తొక్కితే భరించలేకపోయినవాడు. శత్రువు తన కాగితాలను తొక్కకపోవడం చూసి అతని మనసు కదులుతుంది. ఇంతవరకూ ఎవరైనా రాయగలరు. గోతోగే గొప్పదనం తరువాతి మెట్టులో ఉంది: కాగితాలను తప్పించుకోవడానికి ఒళ్లు తిప్పిన ఆ క్షణంలోనే, విరిగిన ఎముకలతో నొప్పి లేకుండా ఎలా కదలాలో, ఎలా ఊపిరి తీసుకోవాలో తంజిరోకు తెలిసిపోతుంది. దయ తీసేస్తే ఆ పోరాటంలో గెలుపు కూడా పోతుంది. చివరికి తల తెగిపడిన క్యోగై తన విద్య ఎలా ఉందని అడిగితే, అద్భుతంగా ఉంది, అయినా మనుషులను చంపినందుకు క్షమించలేను అని తంజిరో చెప్పే జవాబును నేను చాలాసార్లు వెనక్కి తిప్పి చదివాను. ఆ రెండు ముక్కల్లో ఏ ఒక్కటి వదిలేసినా పాత్ర పడిపోయేది.

ప్రశ్న: అంతా బాగానే ఉంది కానీ, కథ పొడవునా తలలు నరికేవాణ్ణి దయగలవాడని ఎలా నమ్మాలి?

జవాబు: నమ్మించడానికి రెండు దారులున్నాయి. 1998లో అనిమేగా, అంటే జపాన్ యానిమేషన్ సీరియల్‌గా, వచ్చిన ‘ట్రైగన్’లో వాష్ అనే తుపాకీవీరుడు అసలు ఎవరినీ చంపనని పట్టుబట్టినవాడు, తల మీద ఆరు వేల కోట్ల డబుల్ డాలర్ల వెల ఉన్నా ఆ పట్టు వదలడు, ఆ పట్టుదలే కథను నడుపుతుంది. తంజిరోది రెండో దారి. చంపుతాడు, చంపే తీరులో దయ చూపుతాడు. నతగుమో కొండ మీద, తన ‘కుటుంబం’ చేతిలోనే చిత్రహింసలు పడి బతుకు మీద ఆశ వదులుకున్న తల్లి సాలీడు రాక్షసి, తంజిరో కత్తి ఎత్తి మీదికి దూకుతుండగా తనంతట తానే మెడ అప్పగిస్తుంది. గాలిలో ఉండగానే అతను వేయబోయిన వేటును ఆపి, ‘నీటి ఊపిరి’ అనే తన కత్తి విద్యలోని అయిదో పద్ధతికి మారతాడు. లొంగిపోయినవారికి నొప్పి తెలియకుండా ప్రాణం పోయేలా చేసే పద్ధతి అది. ఆమెకు తగిలిన వేటు వానజల్లులా ఉందని రచయిత చూపుతారు. ఒక యుద్ధవిద్యలో ఇలాంటి వేటు కూడా ఒకటి ఉండాలని ముందే ఊహించి పెట్టుకోవడం, నా దృష్టిలో, వంద జాలి మాటలకన్నా ఎక్కువ.

అదే కొండ మీద రుయి అనే రాక్షసుడు బూడిదై పోతుంటే తంజిరో ఆ వీపు మీద చెయ్యి వేస్తాడు. మిగిలిన బట్టను గియూ తొక్కితే, కాలు తీయమని అడుగుతాడు. అయితే ఈ జాలి అందరికీ సమానంగా పంచిపెట్టేది కాదని కూడా గమనించండి. రాక్షసులందరికీ మూలమైన ముజాన్ ఎదురైనప్పుడు అతనిలో జాలి ఛాయ కూడా ఉండదు. ఎక్కడ ఆగాలో తెలియని దయ పాఠకుడికి అబద్ధంగా తోస్తుంది.

ప్రశ్న: ఇంత విషాదంలో హాస్యం పెట్టవచ్చునా?

జవాబు: తప్పకుండా పెట్టవచ్చు, అదీ నాయకుడి మంచితనంలోంచే తీయవచ్చు. తంజిరో అబద్ధం చెప్పలేడు. చెప్పవలసి వస్తే మొహం అష్టవంకరలు పోతుంది. పుటల కొద్దీ వివరించవలసిన నిజాయితీని గోతోగే ఆ ఒక్క వికారపు మొహంతో ముగించేశారు.

ప్రశ్న: తంజిరోకు గొంతు ఇచ్చినవారి పద్ధతి గురించి చెప్పగలరా? దయగల పాత్ర అనగానే మెల్లగా, తియ్యగా మాట్లాడాలని మా నాటక బృందంలో అందరూ అంటారు. అది సరైనదేనా?

జవాబు: సరికాదని చెప్పడానికి ఈ పాత్రే సాక్ష్యం. 2019 ఏప్రిల్‌లో మొదలైన అనిమేలో తంజిరోకు గాత్రం హనాయే నత్సుకిది. ఆయన గొంతు లేతగా ఉంటుంది కానీ ఎక్కడా పాకం పట్టినట్టు ఉండదు. మాట స్పష్టంగా, తిన్నగా, ఎదుటివాడి కళ్లలోకి చూసి చెబుతున్నట్టుగా వస్తుంది. తియ్యదనం వినేవాణ్ణి మెప్పించాలని చూస్తుంది. తంజిరోకు ఎవరినీ మెప్పించాలని లేదు, ఎదుటివాడు చెప్పేది వినాలని ఉంది. తెలుగులో జాలి, దయ అని రెండు మాటలున్నాయి కదా. జాలిపడే గొంతు పైనుంచి కిందికి దిగుతుంది. దయగల గొంతు ఎదురుగా కూర్చుంటుంది.

ఈ పాత్రలో నటుడికి అసలు పరీక్ష ఊపిరి. ఈ కథలో పోరాట విద్య అంతా శ్వాస మీదే నిలబడింది కనుక, మాటకూ మాటకూ నడుమ వచ్చే ఊపిరి కూడా సంభాషణే అవుతుంది. జపాన్‌లో సాధారణంగా బొమ్మ ముందు తయారవుతుంది, గొంతు తరువాత చేరుతుంది. దీన్ని ‘అఫురెకో’ అంటారు. నటులు చేతిలో స్క్రిప్టు పట్టుకుని తెర చూస్తూ, ఉన్న కొద్ది మైకుల దగ్గరికి వంతులవారీగా వచ్చి నిలబడి, కాగితం తిప్పిన చప్పుడు కూడా వినబడకుండా మాట్లాడతారు. బొమ్మలో పెదవి కదిలినంత సేపట్లోనే మాట పట్టాలి కాబట్టి, పాత్ర ఎంత అలసిందో చెప్పడానికి ఆ మాటకు ముందూ వెనకా ఉన్న ఊపిరే నటుడికి మిగులుతుంది. అనిమే 19వ భాగంలో, చావు అంచున తంజిరోకు తండ్రి నృత్యం గుర్తుకొచ్చే చోట వినండి. ఆ అరుపులో కోపం కన్నా ముందు భయం వినిపిస్తుంది, తన కోసం కాదు, చెల్లెలి కోసం.

నెజుకోతో మాట్లాడే సన్నివేశాలు ఇంకా కష్టం. ఆమె నోట్లో వెదురు ముక్క ఉంటుంది. ఆ పాత్రధారిణి కితో అకారి చాలా భాగం మూలుగులతోనే నటించారు. అంటే అన్న అడగాలి, జవాబు కోసం ఆగాలి, ఆ మూలుగును అర్థం చేసుకున్నట్టు తిరిగి మాట్లాడాలి. ఆగిన ఆ క్షణంలో గొంతు లేదు, దయ ఉంది. మీ బృందంతో అభ్యాసం చేయించవలసింది ఆ ఆగడాన్నే.

మర్యాద మాటల సంగతి కూడా చెప్పాలి. తంజిరో పెద్దలతో జపనీస్‌లోని మర్యాద క్రియారూపాలు వాడతాడు, రాక్షసులను ఏకవచనంలో పిలుస్తాడు. మన భాషలో మీరు, నువ్వు అన్న భేదం ఇంతకన్నా బలమైన పనిముట్టు. మీ నాయకుడు ఎవరిని మీరు అంటాడో, ఎప్పుడు నువ్వులోకి దిగుతాడో ముందే రాసి పెట్టుకుంటే, అరవకుండానే కోపం వినిపించవచ్చు.

ప్రశ్న: ‘టోక్యో గూల్’లో కనెకికి గొంతు ఇచ్చింది కూడా హనాయేనే. ఇద్దరూ మంచివాళ్లే అయినప్పుడు ఒకే గొంతు వేర్వేరుగా ఎలా వినిపిస్తోంది? నేను సొంతంగా సాధన చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: 2014 నాటి ఆ అనిమేలో కనెకి కెన్ పుస్తకాల పురుగైన విద్యార్థి. ఇతరులను బాధపెట్టడం కన్నా తాను బాధపడటమే మేలని తల్లి దగ్గర నేర్చుకున్నవాడు. అతని మంచితనం లోపలికి తిరిగి అతన్నే కొరుకుతుంది. అందుకే ఆ గొంతు వాక్యం చివర సన్నబడుతుంది, క్షమాపణ అడుగుతున్నట్టు వెనక్కి తగ్గుతుంది. కథలో ఒకచోట అతన్ని బంధించి, చిత్రహింసలు పెడుతూ వెయ్యి నుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టిస్తారు. ఆ తరువాత మారిపోయిన కనెకి గొంతులో ఆ తగ్గడం మాయమై, చల్లని స్థిమితం వస్తుంది. తంజిరో మంచితనం బయటికి ప్రవహించేది. అతని వాక్యం చివరిదాకా బరువు తగ్గకుండా నిలబడుతుంది. కాబట్టి తేడా కోసం స్వరం హెచ్చుతగ్గుల్లో వెతకకండి, వాక్యాల చివరలు వినండి.

సాధనకు మీకు నచ్చిన ఒక్క వాక్యం చాలు. ‘నిన్ను క్షమించలేను’ అన్నదే తీసుకోండి. మొదట కుటుంబాన్ని చంపినవాడితో అంటున్నట్టు చెప్పండి, తరువాత అదే మాటను చచ్చిపోతూ భయపడుతున్న ఒక పిల్లవాడితో అనవలసి వచ్చినట్టు చెప్పండి. రెండూ ఫోనులో రికార్డు చేసి, మాటల మీద కాక, ‘నిన్ను’ అనడానికి ముందు మీరు తీసుకున్న ఊపిరి మీద దృష్టి పెట్టి వినండి. రెండు ఊపిరులూ ఒకేలా ఉంటే, రెండోసారి మీరు పిల్లవాణ్ణి చూడలేదు, గొంతు మార్చారంతే. చూసేదాకా మళ్లీ చెప్పండి.