నిధులు వస్తున్నాయి, పద్దు కలవడం లేదు

(పట్టణ పాలన, మున్సిపల్ ఇంజినీరింగ్ విషయాలపై పాఠకుల ప్రశ్నలకు మా నిపుణుల జవాబులు)

ప్రశ్న: మా వార్డు కమ్యూనిటీ హాలు శ్లాబు పెచ్చులూడిపోయి చువ్వలు కనిపిస్తున్నాయి. వెళ్లి అడిగితే నిధుల్లేవంటున్నారు. ఆర్థిక సంఘం గ్రాంటు వచ్చిందని మాత్రం పేపర్లో పడింది. ఏది నమ్మాలి?
– కోనసీమ నుంచి ఓ పాఠకురాలు (ఊరి పేరు వేయొద్దన్నారు)

జవాబు: రెండూ నిజమే అయ్యుండొచ్చు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి మీలాంటి చిన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం కాళ్లూ చేతులూ కట్టేసిన డబ్బు. అందులో సగం మంచినీళ్లకు, వాననీటి సంరక్షణకు, మిగతా సగం పారిశుద్ధ్యానికి, చెత్త నిర్వహణకు. హాలు శ్లాబుకు అందులోంచి రూపాయి తీసినా ఆడిట్ అభ్యంతరం తప్పదు. మిగిలిన 40 శాతం ఫలానా పనికే అన్న షరతు లేని డబ్బు, అంటే అన్‌టైడ్. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప పట్టణ అవసరాలకు వాడుకోవచ్చు. మీ హాలుకు దారి అదే, లేదంటే మున్సిపాలిటీ సాధారణ నిధి. కాబట్టి ‘నిధులున్నాయా?’ అని అడక్కండి. ‘ఈ ఏడాది అన్‌టైడ్ గ్రాంటు ఎంత వచ్చింది, ఏ పనులకు తీర్మానం చేశారు?’ అని రాసి అడగండి. మొదటి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పి పంపేయొచ్చు, రెండోదానికి కాగితం తియ్యాలి.

ఎంపీ నిధుల సంగతీ చాలామంది అడుగుతుంటారు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. అయితే ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటుంది. మరమ్మతు కన్నా కొత్త ఆస్తి నిర్మాణానికే ఆ పథకం అనువు. శ్లాబు బాగుకు దానికోసం తిరిగితే కాలహరణం.

పని ఆగిపోయేది ఎక్కువగా ఎస్టిమేటు దగ్గరే. ఉదాహరణకు అసలు పని విలువ 6 లక్షలు అనుకుందాం. దానిమీద జీఎస్టీ 18 శాతం, అంటే 1,08,000. కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం, 6,000. మొత్తం 7,14,000. కౌన్సిల్ తీర్మానం 6 లక్షలకే పెడితే ఆ తేడా ఎవరూ మొయ్యరు. చివరి బిల్లు ఆగుతుంది, కాంట్రాక్టరు సున్నం వెయ్యకుండానే వెళ్లిపోతాడు. వరస ఇలా ఉండాలి: ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలతలు, ఎస్టిమేటు, పాలనామోదం, సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, ఆ తర్వాతే పని. పని జరుగుతుండగానే కొలతలు ఎం–బుక్కులో (కొలతల పుస్తకం) ఎక్కాలి. ముఖ్యంగా చెక్కేసిన కాంక్రీటు, కొత్తగా కట్టిన చువ్వలు ప్లాస్టరింగ్ కిందకు పోకముందే రాయాలి. పూత వేశాక కొలవడానికి అక్కడేమీ కనిపించదు.

ఇక మరమ్మతు. పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తి రంగేయడమే మన దగ్గర పరిపాటి. రెండు వర్షాకాలాలు కూడా నిలవదు. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటును అదే తోసేస్తుంది. తుప్పు లోపల ఉండగా పైన ఎంత మెత్తినా దాన్నీ తోసేస్తుంది. మన తీరంలో ఉప్పుగాలి ఒక కారణం. కట్టినప్పుడు ఉప్పు తగిలిన బోరు నీళ్లతో కాంక్రీటు కలిపి ఉంటే అది రెండోది. చువ్వలు వేసే కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. మరమ్మతుకూ అదే లెక్క. నీళ్లు పరీక్ష చేయించండి, కాదంటే ట్యాంకరు తెప్పించండి.

ముందు సుత్తితో శ్లాబు అంతా తట్టి చూడాలి. డొల్లగా మోగిన చోటల్లా చెక్కేయాలి, ఊడిన చోట మాత్రమే కాదు. చువ్వ వెనక కూడా వేలు దూరేంత ఖాళీ, అంటే 20–25 మి.మీ. ఉండేలా చెక్కాలి. తుప్పు పూర్తిగా గీకి చువ్వ మందాన్ని వెర్నియర్‌తో కొలవాలి. 10 మి.మీ. చువ్వ 8కి అరిగితే ‘రెండే కదా’ అనిపిస్తుంది. కానీ అడ్డుకోత వైశాల్యం 78.5 చదరపు మి.మీ. నుంచి 50కి పడిపోతుంది, మూడోవంతుకు పైనే పోయినట్టు. పావువంతు దాటి పోయిన చోట పక్కన కొత్త చువ్వ కట్టాలి. పాతదానిలో గట్టిగా ఉన్న భాగం మీద వ్యాసానికి 50 రెట్లు, అంటే 10 మి.మీ. చువ్వకు అర మీటరు, రెండు వైపులా ఎక్కాలి. ఆపైన జింక్ ప్రైమరు, పాలిమర్ కలిపిన మోర్టారు 10–12 మి.మీ. పొరలుగా. ఒకేసారి మందంగా కొడితే దాని బరువుకే జారుతుంది. ఈ పనంతా జరుగుతున్నప్పుడు శ్లాబు కింద ఊతకర్రలు ఉండి తీరాలి. డాబా మీద లీకు ఆపకుండా కింద చేస్తే మాత్రం డబ్బు నీళ్లపాలే. ఎస్టిమేటులో అదీ చేర్పించండి.

ప్రశ్న: మా శాఖా గ్రంథాలయం కురుస్తోంది, పుస్తకాలు చెమ్మెక్కుతున్నాయి. మున్సిపాలిటీని అడిగితే మాది కాదంటోంది. మరెవరిది? – తణుకు నుంచి

జవాబు: 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 3,000 పన్ను మీద 240 రూపాయలు మీరు కడుతున్నారన్నమాట. వసూలు చేసేది మున్సిపాలిటీ, ఖర్చుపెట్టేది జిల్లా గ్రంథాలయ సంస్థ. మధ్యలో ఆ డబ్బు బదిలీ కాకుండా ఉండిపోవడమే చాలాచోట్ల అసలు జబ్బు. సమాచార హక్కు కింద మూడు సంగతులు అడగండి: గత మూడేళ్లలో ఏటా వసూలైన సెస్సు, సంస్థకు జమచేసింది, బకాయి. 30 రోజుల్లో చెప్పాలి. ఆ జవాబు జతచేసి మరమ్మతు అర్జీ సంస్థ కార్యదర్శికి ఇవ్వండి. ముందుగా భవనం ఎవరి పేరున ఉందో చూసుకోండి. అద్దెదైతే పైకప్పు బాధ్యత యజమానిది, అప్పుడు ఈ దారి పనికిరాదు.

ప్రశ్న: విశాఖలా మా మున్సిపాలిటీ కూడా బాండ్లు వేసి మార్కెట్ భవనం కట్టొచ్చా? – నరసాపురం నుంచి

జవాబు: విశాఖ నగరపాలక సంస్థ 2018లో 80 కోట్లు బాండ్లతో, అంటే మార్కెట్లో అప్పుగా, తెచ్చింది. రేటింగు, ఆడిటైన లెక్కలు, వడ్డీకి విడిగా ఖాతా, ఇంత తతంగం చిన్న పట్టణానికి మోయలేని బరువు. అంతకన్నా ముందు ఇంటిపన్ను బకాయిల జాబితా బయటపెట్టించండి. ఆలస్యానికి నెలకు 2 శాతం వడ్డీ, ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు, రెండూ ఇప్పటికే ఉన్నాయి. ఆ జాబితాలో సర్కారు ఆఫీసులు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి.

ప్రశ్న: వానకు మా కాలనీ మునుగుతోంది. పంపు కొనాలని మున్సిపాలిటీకి అర్జీ పెడుతున్నాం. ఎంతది అడగాలి? – భీమవరం నుంచి

జవాబు: హెచ్‌పీ కాదు, ముందు నీళ్ల లెక్క. పది ఎకరాల మీద 100 మి.మీ. వాన పడితే సుమారు 4,050 ఘనమీటర్లు. అందులో 70 శాతం పారుతుందనుకుంటే 2,830. సెకనుకు 100 లీటర్లు తోడే పంపుకు అది దాదాపు 8 గంటల పని. 5 మీటర్ల ఎత్తుకే తోడాలి కాబట్టి, పంపు సామర్థ్యం 60 శాతమైనా 11 హెచ్‌పీ సరిపోతుంది. మార్కెట్లో దొరికే సైజు చూసి 12.5 లేదా 15 రాయండి.

పొరపాటు జరిగేది ఇక్కడే. 30 మీటర్ల ఎత్తుకు తోడే పంపు గొడౌన్లో ఉంది కదా అని డ్రెయిన్ మీద పెడతారు. తక్కువ ఎత్తులో ఆ సెంట్రిఫ్యూగల్ పంపు హద్దు దాటి నీళ్లు లాగుతుంది, మోటారు ఓవర్‌లోడై కాలుతుంది. అర్జీలో ‘5 మీటర్ల హెడ్ దగ్గర సెకనుకు 100 లీటర్లు’ అని స్పష్టంగా రాయండి, హెడ్ అంటే తోడే ఎత్తు. తుపాను రాత్రి కరెంటు ఉండదు గనక డీజిల్ ఇంజనో, జనరేటరో కూడా అడగండి. కొనుగోలుకు గ్రాంటు దొరికినా డీజిల్, ఆపరేటరు కూలి సాధారణ నిధి మీదే పడతాయి. మూడేళ్ల నిర్వహణ ఒప్పందం టెండరులోనే లేకపోతే రెండో వానాకాలానికి పంపు షెడ్డులో ఉంటుంది. డ్రెయిన్ కలిసే చోట సముద్రపు పోటు ఉంటే డ్రెయిన్‌కు తలుపు (షట్టరు) వేసి తోడాలి, లేకపోతే తోడిన నీళ్లే తిరిగొస్తాయి. సక్షన్ పైపుకు చిన్న జాలీ కాకుండా పెద్ద ఇనుప పంజరం కట్టించండి. ప్లాస్టిక్ కవర్లు చిన్న జాలీని పావుగంటలో మూసేస్తాయి.